నీరు తీసే రోజు

జోగను మొదట కనిపెట్టింది ముసలయ్యే. ఆ సంగతి వార్డులో అందరికీ తెలిసేలా అతనే చూసుకున్నాడు.

బుధవారం పొద్దున ఆసుపత్రి వసారాలో చీటీల కోసం కూచున్న జనంలో ఒక మనిషి గోడకు చేరబడకుండా, ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద మోపి ఊపిరి లాక్కుంటున్నాడు. పక్కన అతని భార్య వీపు నిమురుతూ, "ఇంక కొంచెంసేపే, కొంచెంసేపే" అంటోంది. ఆ మాట తెలుగు. బస్తరు సంస్థానంలో ఉత్తరాన అంత పై దాకా వచ్చాక హల్బీ వినపడుతుంది, హిందీ వినపడుతుంది. తెలుగు మాత్రం ఏ లారీ డ్రైవరో తిట్టుకుంటే తప్ప వినపడదు. గబగబా పోతున్న ముసలయ్య ఆగాడు.

"ఏ ఊరక్కా మీది?"

ఆమె తలెత్తింది. తెల్లకోటు తొడుక్కున్న మనిషి నోట తన మాట విని అతన్ని కిందికీ పైకీ చూసింది.

"భేజ్జి కాడ, తమ్మీ. కోంట కాణ్ణుంచి కట్టెల లారీ మీద వచ్చినం. ఈయన పండుకోలేకపోతుండు. నడుం వాలిస్తే ఊపిరాడది. కూసోనే కునుకు తీస్తుండు."

"నాది కోంట దగ్గర్నే," అన్నాడు ముసలయ్య. "లోపలికి రండి. మాట చెప్పనీకి నేనున్న."

ముసలయ్య పేరుకే ముసలయ్య. ఇరవై దాటి ఎంతో కాలేదు. తాత పేరు పెట్టుకున్నారు ఇంట్లో. ఆసుపత్రి వెనక పెంకుల షెడ్లలో నడిచే వైద్య పాఠశాలలో ఆఖరి ఏడు చదువుతున్నాడు. పేరుకు అర్థం తెలిసిన నాటి నుంచీ హాస్టలు కుర్రాళ్లు అతన్ని బుఢ్ఢా అంటారు. దక్షిణాన ఉన్న ఆ సరిహద్దు ఊళ్ల నుంచి ఆ బడికి వచ్చినవాడు అతనొక్కడే కాబట్టి, అటువైపు రోగి ఎవరొచ్చినా అతన్నే పిలుస్తారు.

జోగను బల్ల మీద కూచోబెట్టి, ఎడమచేతి నడిమి వేలు వీపుకు ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో కొట్టి చూశాడు. పైన, భుజం దగ్గర, ఖాళీ కుండ మీద కొట్టినట్టు మోగింది. కిందికి జరుపుకుంటూ వచ్చాడు. కుడివైపు సగం దాటేసరికి చప్పుడు చచ్చిపోయింది. మట్టిగోడ మీద కొట్టినట్టే ఉంది. స్టెతస్కోపు పెట్టి విన్నాడు. అక్కడ ఊపిరి జాడే లేదు. పుస్తకంలో చదివిన ముక్క చదివినట్టే తన వేలికింద దొరికేసరికి ముసలయ్య ఉబ్బిపోయి ఇంకోసారి కొట్టి విన్నాడు.

"ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు చేరినయి," అని చెప్పాడు ఆ ఇల్లాలితో. ఆమె పేరు గంగే. "లావు సూది గుచ్చి గుంజేస్తరు. గుంజంగనే పండుకుంటడు. ఇయాల్నే అయిపోతది."

పెద్ద డాక్టరు సాన్యాల్ వార్డు చూడ్డానికి వచ్చినప్పుడు తానే స్వయంగా వేలు పెట్టి చూశాడు. బెంగాలు నుంచి వచ్చి ఈ అడవి సంస్థానంలో పదేళ్లుగా పాతుకుపోయిన మనిషి ఆయన. తన చేతి డబ్బుతో పుస్తకాలు తెప్పించి ఆ బడిని నిలబెట్టాడు. చూడ్డం అయ్యాక ముసలయ్య భుజం మీద చెయ్యి వేసి తక్కిన విద్యార్థుల వంక తిరిగాడు.

"చూశారా? యంత్రం లేదు, ఫోటో లేదు. రెండు వేళ్లు. ఇంత శుద్ధమైన కేసు నేను ఈ మధ్య చూడలేదు."

కమ్లీ అనే ఆయా సూదుల పళ్లెం తెచ్చి నిలబడింది. సాన్యాల్ చేతులు తుడుచుకుంటూ వద్దని తల అడ్డంగా ఊపాడు.

"శనివారం పరీక్ష. అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకండి. నీరు తీసేస్తే పరీక్షకుడికి చూపించడానికేం మిగులుతుంది?" అన్నాడు హిందీలో. తర్వాత ముసలయ్యతో, "వాళ్లకు నచ్చచెప్పు. నీ భాష వాళ్లే కదా" అన్నాడు.

ముసలయ్య గంగే వైపు తిరిగాడు. ఆమె అతని నోటి వైపే చూస్తోంది.

"ఇంకో పెద్ద డాక్టరు వస్తుండక్కా, సంస్థానం బయటి నుంచి. శనివారం వస్తడు. ఆయన చూసినంక తీస్తే మంచిదంటున్రు. మీ మంచికే."

ఒక్క మాటా పూర్తిగా అబద్ధం కాదు. డాక్టరు వస్తున్న మాట నిజమే. చూసినంక తీస్తారన్న మాటా నిజమే.

గంగే సాన్యాల్ వైపు ఒకసారి చూసి, "అట్లనా" అంది. "అయితే మంచిదే తమ్మీ."

*

ఆ రోజు నుంచి జోగ వీపుకు తీరిక లేకుండా పోయింది. పొద్దున పాఠం కాగానే ఒక గుంపు, భోజనాలయ్యాక ఒక గుంపు. జోగ మంచం మీద కూచుని, ముందున్న ముక్కాలిపీట మీద గొంగడి మడతపెట్టుకుని దాని మీదికి వాలేవాడు. విద్యార్థులు వెనక నిలబడి ఒకరి తర్వాత ఒకరు వేలితో కొట్టేవారు. కొట్టడం సరిగ్గా రానివాళ్లు గట్టిగా కొట్టేవారు. మాట ఛాతీలోంచి ఎలా పలుకుతుందో చూడ్డానికి రోగి చేత అంకెలు అనిపించాలి. మొదటి రోజు ముసలయ్యే నేర్పాడు, "ఏక్, దో, తీన్ అను బావా" అని. రెండో రోజుకల్లా వీపు మీద చెయ్యి పడితే చాలు, ఎవరూ అడగకుండానే జోగ "ఏక్... దో... తీన్" అనేవాడు. మూడో మాటకు ఊపిరి అందేది కాదు. కుర్రాళ్లు నవ్వేవారు. అది ఎగతాళి నవ్వు కాదు, జోగ కూడా ఒక్కోసారి నవ్వబోయి దగ్గేవాడు. పోతూ పోతూ ఎవరో ఒకరు అతనికి పొగాకు ఇచ్చి వెళ్లేవారు. పీల్చడానికి అతనికి ఊపిరెక్కడిది? గంగే దాన్ని కొంగున ముడేసుకునేది.

హాస్టలు వంటశాలలో ఆ మూడు రోజులూ జోగ మాటే. పప్పులో రొట్టె ముంచుకుంటూ లచ్చు పక్కవాడి వీపు మీద వేలితో కొట్టి, "ఇదిగో, ఇక్కడ మోగడం లేదు. నీకూ నీళ్లు చేరాయి" అంటే అందరూ విరగబడి నవ్వారు. లచ్చు కొండాగావ్ వైపు హల్బీ కుర్రాడు, ముసలయ్యకు గది తోడు.

"బుఢ్ఢా, ఆ కేసు నీకే రావాలి పరీక్షలో," అన్నాడు లచ్చు. "మాకు వాడి మాట అర్థం కాదు. నీకైతే సగం మార్కులు నోట్లోనే ఉన్నాయి."

ముసలయ్య కూడా అదే అనుకుంటున్నాడు. కిందటేడు ఇదే పరీక్షలో తప్పాడు. ఈసారి గట్టెక్కితే చాలు.

శుక్రవారం సాయంత్రం వార్డుకు వెళ్లినప్పుడు జోగ వీపు మీద కుడివైపు కమిలి ఉంది. గంగే ఆముదం రాస్తోంది.

"రేపు తీస్తరు గద తమ్మీ?"

"రేపే."

"ఇప్పపువ్వు రాలుతుండాలె ఇప్పటికి," అంది ఆమె, ఎవరితోనో అన్నట్టు. "మా చెట్లు ముందే రాలుతయి. ఇంటికాడ ముసల్దొక్కతే ఉన్నది. ఎంతని ఏరుతది? మనుబోతులు తింటయి, మిగిలింది మన్నుల కలుస్తది."

*

శనివారం పరీక్షకుడు రాలేదు. యుద్ధం వచ్చాక పెట్రోలు దొరకడం లేదు. బొగ్గు పొగతో నడిచే బస్సు కేష్కాల్ ఘాటీ కొండదారి ఎక్కలేక నిలిచిపోయిందని మధ్యాహ్నానికి కబురొచ్చింది. పరీక్ష సోమవారానికి మారింది. కుర్రాళ్లు రెండు రోజులు చదువుకోవచ్చని సంబరపడ్డారు.

ముసలయ్య వార్డుకు వెళ్లి గుమ్మంలోనే నిలబడిపోయాడు. జోగ పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ దగ్గర గుంటలు పడుతున్నాయి. రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని, వదిలితే ఎక్కడికో కొట్టుకుపోతానన్నట్టు కూచున్నాడు. గంగే లేచి ఎదురొచ్చింది.

"ఎప్పుడు తీస్తరు తమ్మీ?"

ముసలయ్య తిన్నగా సాన్యాల్ ఇంటికి నడిచాడు. ఆయన వసారాలో కూచుని బొరుగులు తింటున్నాడు. ఇంకో కుర్చీ చూపించి గిన్నె అతని వైపు జరిపాడు.

"సార్, జోగకు ఆయాసం ఎక్కువైంది. కొంచెమైనా నీరు తీద్దామా?"

"పొద్దునే నాడి చూశాను. నిలబడతాడు. ఇంకా ఎక్కువైతే నేనే తీస్తాను, నాకు మాత్రం దయ లేదా?" అన్నాడు ఆయన నెమ్మదిగా. "చూడు ముసలయ్యా, మీరు పోయే డిస్పెన్సరీల్లో ఏముంది? ఒక బల్ల, నాలుగు సీసాలు. ఈ మనిషి వీపు మీద మీరందరూ నేర్చుకున్నది ఎన్ని ప్రాణాలు నిలబెడుతుందో లెక్క వేసుకో. ఒకడు రెండు రోజులు ఓర్చుకుంటే తప్పేమిటి?"

ఆ ఒకణ్ణి, ఓర్చుకుంటావా అని, ఎవరూ అడగలేదని ముసలయ్యకు తోచింది. దాన్ని మాటల్లో పెట్టేలోగా సాన్యాల్ మళ్లీ అన్నాడు:

"కోంట డిస్పెన్సరీ ఖాళీగా ఉంది. దివాన్ గారి కచేరీకి నీ పేరు పంపుదామనుకుంటున్నా. ఆ మాటలు తెలిసినవాడు అక్కడ కావాలి."

ముసలయ్య తీసుకున్న బొరుగులు మళ్లీ గిన్నెలో పెట్టాడు. లేచి దణ్ణం పెట్టి వచ్చేశాడు. దారిలో, సార్ నాడి చూశారు గదా అని తనకు తానే చెప్పుకున్నాడు. వార్డు చేరేదాకా చెప్పుకుంటూనే ఉన్నాడు.

గంగే గుమ్మం దగ్గరే ఉంది.

"బస్సు ఘాటీల ఆగిపోయిందంటక్కా. సోమవారం వస్తడు ఆ డాక్టరు. వచ్చినంక తీస్తరు."

"ఈడ ఉన్నోళ్లకు తీయ రాదా?"

"వస్తది. కాని ఆయనైతే... ఇంకా మంచిగ తీస్తడు."

అన్నాక, ఇది మాత్రం పూర్తిగా అబద్ధమని ముసలయ్యకు తెలిసింది. గంగే ఇంకేమైనా అంటుందని చూశాడు. ఆమె అతని ముఖంలోకి కొంచెం ఎక్కువసేపే చూసి, లోపలికి వెళ్లి మొగుడి వెనక కూచుని, అతని వీపును తన వీపుకు ఆనించుకుంది. ఆదివారమంతా ఆ ఇద్దరూ అలాగే కూచున్నారు. ముసలయ్య ఆ రోజు వార్డు పక్క నుంచి కాకుండా, బావి చుట్టూ తిరిగి హాస్టలుకు పోయాడు.

*

ఏ విద్యార్థికి ఏ రోగో తేల్చడానికి సోమవారం చీటీలు తీశారు. ముసలయ్యకు జోగే వచ్చాడు.

పరీక్షకుడు బ్రిటిషు జిల్లాల నుంచి వచ్చిన పెద్దమనిషి. ఘాటీ దుమ్ము ఇంకా కనుబొమల్లో ఉంది. సాన్యాల్ కిటికీ దగ్గర నిలుచున్నాడు. గంగే మంచం కాలి దగ్గర నేల మీద కూచుంది. ఆమెను బయటికి పొమ్మని ఎవరో అన్నారు గాని, పక్కన తన మనిషి లేకపోతే జోగ కూచోలేడని కమ్లీ చెప్పి ఉండనిచ్చింది.

ముసలయ్య వేళ్లు తడబడలేదు. పై నుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి, ఎక్కడ మోగుతోందో, ఎక్కడ చచ్చిందో చూపించాడు. చెయ్యి ఆనగానే జోగ "ఏక్..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. పరీక్షకుడు తానూ కొట్టి చూసి తృప్తిగా తలూపాడు.

"చాలా నీరుంది. మరి ఇంకా తీయలేదేం? ఎప్పుడు చేరాడు?" అని హిందీలో అడిగాడు.

కిటికీ దగ్గర సాన్యాల్ కదల్లేదు. బయటికి చూస్తున్నాడు. ముసలయ్య నోరు తనంతట తానే తెరుచుకున్నట్టు తెరుచుకుంది.

"నిన్న సాయంత్రమే వచ్చాడండీ. దూరపు ఊరు."

నేల మీద నుంచి గంగే తలెత్తి అతన్ని చూసింది. ఆమెకేం అర్థమవుతుందిలే అనుకుని ముసలయ్య మళ్లీ స్టెతస్కోపు సర్దుకున్నాడు.

ఆఖరి విద్యార్థి పరీక్ష అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అప్పుడు సాన్యాల్ చేతులు కడుక్కుని తానే సూది పట్టాడు. ముసలయ్య ఎనామిల్ బేసిను పట్టుకున్నాడు. సాన్యాల్ పక్కటెముకల మధ్య మందు పూసి, తిమ్మిరెక్కించి, లావు సూది దించి సిరంజి వెనక్కి లాగాడు. పల్చటి పసుపు రంగు నీరు వచ్చింది. సిరంజి వెంట సిరంజి బేసినులో పడుతుంటే జోగ ఊపిరి కొద్దికొద్దిగా లోతయింది. పెదవులకు రంగు తిరిగింది. పట్టె పట్టుకున్న చేతులు వాటంతటవే వదిలేశాయి. సూది తీసి కట్టు కట్టగానే గంగే అతని తల కింద గొంగడి పెట్టింది. జోగ వెల్లకిలా పడుకున్నాడు. వెల్లకిలా పడుకుని పైకప్పు వైపు చూస్తూ, ఏదో అనబోయి, అనకముందే నిద్రపోయాడు.

పావుగంట పని. అంతే. బేసిను పట్టుకుని నిలబడ్డ ముసలయ్యకు అది ఎంత చిన్న పనో అప్పుడే కంటికి కనిపించింది.

"పది రోజులు ఇక్కడే ఉంచాలి. మళ్లీ నీరు పట్టొచ్చు. చెప్పు ఆమెకు," అన్నాడు సాన్యాల్.

ముసలయ్య నోరు తెరిచేలోగా గంగే హిందీలో జవాబిచ్చింది. సంతలో మాట్లాడే హిందీ, తడుముకోకుండా వచ్చింది.

"పది రోజులు ఉండలేం సాహెబ్. ఇప్పపువ్వు రాలుతోంది. రెండు రోజులుండి పోతాం."

సాన్యాల్ తెల్లబోయి చూసి నవ్వాడు. "అరె, ఈమెకు హిందీ వచ్చునే."

బేసినులో నీరు తొణికి ముసలయ్య పాదాల మీద పడింది.

*

ఆ సాయంత్రం రోగుల బంధువులు వండుకునే షెడ్డులో గంగే జావ కాస్తోంది. ముసలయ్య వెళ్లి పొయ్యికి ఇవతల నిలబడ్డాడు. కూచోమని ఆమె అనలేదు.

"నీకు హిందీ వస్తదా అక్కా?"

"వస్తది. సంతల ఇప్పపువ్వు కొనేటోళ్లకు మన మాటొస్తదా? ఫారెస్టు గార్డుకొస్తదా? నేర్చుకోకుంటే నడుస్తదా?"

"మరి చెప్పలేదేంది?"

"ఎవలన్న అడిగిన్రా? నువ్వే వచ్చి మాట చెప్పనీకి నేనున్న అంటివి. మనోడున్నడు గద, నాకెందుకు అనుకున్న."

పొయ్యిలో కట్టె జరిపి పొగకు ముఖం పక్కకు తిప్పుకుంది.

"అయితే మొదటినాడు సార్ అన్నది..."

"ఇన్న. పరీక్షయ్యేదాక ముట్టుకోకున్రి అన్నడు. నువ్వు నా దిక్కు తిరిగి, మీ మంచికే అన్నవు."

ఆమె గొంతు పెంచలేదు. జావ ఉడికిందో లేదో చూస్తూ అంది. ముసలయ్య చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకుని, మళ్లీ తీసేశాడు.

"అంత తెలిసి ఎందుకు ఊకున్నవ్? నాలుగు తిట్టకపోయినవా?"

"తిడితే? సూది మీకాడున్నది. పొమ్మంటే ఏడికి పోవాలె? ఈయనను ఎత్తుకోని మళ్ల ఆ లారీ ఎక్కాల్నా?"

"మరి రోజూ నన్నెందుకు అడిగినవ్, ఎప్పుడు తీస్తరని?"

గంగే గరిటె ఆపింది. మొదటిసారి అతని వైపు నేరుగా చూసింది.

"ఇయాల జెప్తవేమో, ఇయాల జెప్తవేమో అని. రేపు పరీక్షున్నదక్కా, అది అయ్యేదాక తీయరు, నా చేతుల లేదు అని ఒక్కమాట అంటవేమో అని. అంటే నాకు మనసుకు ఇంత బరువుండకపోవు. పొద్దుగాల ఆ సాహెబుకు నిన్న వచ్చిండంటివి చూడు, ఇంక అడుగుడు బంద్ చేసిన."

"తప్పయిందక్కా," అన్నాడు ముసలయ్య. మాట తనకే సరిగ్గా వినపడలేదు. గంగే వింది. విన్నట్టు తెలుస్తూనే ఉంది. జావ రెండు దొప్పల్లో పోసి, ఒకటి అంచు తుడిచి, వార్డు వైపు నడిచి వెళ్లింది.

మర్నాడు పొద్దున సాన్యాల్ పిలిచి అతను ప్యాసైనట్టు చెప్పాడు. అందరికంటే ఎక్కువ మార్కులట. పరీక్షకుడు మరీ మరీ మెచ్చుకున్నాడట. కింది తరగతి వాళ్లకు వచ్చే వారం పరీక్ష ఉందనీ, జోగకు ఈలోగా నీరు మళ్లీ చేరితే బాగుండుననీ కూడా అన్నాడు.

ముసలయ్య రాత్రంతా కూడదీసుకున్న మాట బయటపెట్టాడు. "ఉండమని నేను వాళ్లకు చెప్పను సార్. ఆ మాట నన్ను అడగకండి."

చెప్పేసి, తల వంచుకుని తిట్ల కోసం కాచుకున్నాడు. సాన్యాల్‌కు కోపం రాలేదు.

"నువ్వెందుకు చెప్పడం? ఆమెకు హిందీ వచ్చు కదా. ఇందాకే నేను అడిగాను. ఉండనంది," అని కాగితాల మీద సంతకం చేసుకోసాగాడు.

*

గురువారం కోంట పోయే లారీ ఆసుపత్రి గేటు ముందు ఆగింది. జోగ తన కాళ్ల మీద తానే నడిచి వచ్చి, చెట్టు మొదట్లో కూచుని, బొగ్గు పొయ్యి రాజేస్తున్న క్లీనరుతో మాట్లాడుతున్నాడు. ముసలయ్య దూరం నుంచి చూసి పోదామనే వచ్చాడు. గంగే మూట దించి తానే పిలిచింది.

"ఇటు రా తమ్మీ. మళ్ల నీళ్లు నిండుతయంటున్రు. ఎంత నిండినంక రావాలె? ఎట్ల ఎర్కపడుతది?"

ముసలయ్య, అది డాక్టర్లు చూసే పని అనబోయి ఆగాడు. జోగ వెనక మోకాళ్ల మీద కూచుని, అతని చొక్కా పైకెత్తి, గంగే ఎడమచెయ్యి అందుకుని, నడిమి వేలు జోగ వీపు మీద చాపి ఆనించాడు. ఆమె వేళ్లు గట్టిగా, గరుకుగా ఉన్నాయి.

"దీని మీద ఈ వేలితోని కొట్టు. మెల్లగ. మణికట్టు ఆడాలె, చెయ్యి మొత్తం కాదు. ఇను."

ఆమె కొట్టింది. మొదట చప్పుడు రాలేదు. మళ్లీ కొట్టింది. వేలు కిందికి జరిపి కొట్టింది. క్లీనరు పొయ్యి రాజేయడం ఆపి చూస్తున్నాడు. జోగ కదలకుండా కూచున్నాడు.

"ఈడ మోగుతున్నది," అంది ఆమె. ఇంకాస్త కిందికి జరిపింది. "ఈడ మోగది."

"అవ్. అది కొంచెం మిగిలిన నీరు. ఆ మోగనిది పైకి పాకి ఈ ఎముక దాటితే బయలెల్లాలె. ఎవరేం చెప్పినా ఇనకు. నీ వేలు చెప్పింది ఇను."

గంగే ఇంకో రెండుసార్లు కొట్టి చూసుకుని, జోగ చొక్కా దించింది. లారీ హారను మోగింది. జోగను ముందు ఎక్కించి, మూట అందించి, తాను ఎక్కబోతూ ఆగింది.

"కోంట దవాఖానకు నువ్వే వస్తవంట గద. కమ్లీ చెప్పింది."

"వస్తనేమో అక్కా."

"నిండిందని నేనొచ్చి చెప్తే, తీస్తవా?"

"తీస్త."

"అదే రోజు?"

"అదే రోజు," అన్నాడు ముసలయ్య. మళ్లీ తానే అన్నాడు, "వచ్చిన గంటల్నే."

గంగే అతని నోటి వైపు కాదు, కళ్లలోకి చూసింది. లారీ పక్క చెక్క పట్టుకుని పైకెక్కి, జోగ వెనక చోటు చేసుకుని కూచుంది. బండి పొగ చిమ్ముకుంటూ కదిలింది. రోడ్డు మలుపు తిరిగేదాకా ముసలయ్య చూస్తూనే ఉన్నాడు. ఆమె ఒక్కసారైనా వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతుందేమోనని, అడిగే హక్కు లేదని తెలిసీ, చూస్తూనే ఉన్నాడు.